కౌన్సిల్ పథకంలో ఇల్లు అద్దెకివ్వడం: లీజు మేలా, కౌన్సిల్ చూపిన కుటుంబానికి మనమే నేరుగా ఇవ్వడం మేలా?

బెజవాడ బాటసారి – 2026 జనవరి 11

అందరికీ నమస్కారం. పశ్చిమ లండన్‌లో మాకు మూడు పడకగదుల టెర్రస్ ఇల్లు (పక్క ఇళ్లతో గోడ కలిపి వరుసగా కట్టినది) ఒకటి ఉంది. నాన్నగారి ఆరోగ్యం దృష్ట్యా ఈ వేసవిలో కుటుంబమంతా విజయవాడకు తిరిగి వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నాము. ఇల్లు అమ్మే ఆలోచన మాత్రం ఇప్పట్లో లేదు, ఎందుకంటే పిల్లలు పైచదువులకు మళ్లీ ఇక్కడికే వస్తారేమోనన్న ఆశ ఇంకా మిగిలి ఉంది.

ఏజెంటు నెలకు 2,400 పౌండ్ల అద్దె వస్తుందంటున్నాడు. అందులో తన నిర్వహణ రుసుము, ఇల్లు ఖాళీగా ఉండే నెలలు తీసివేసుకోవాలి. మా కౌన్సిల్ (ఇక్కడి స్థానిక పాలక సంస్థ) వారిని కలిస్తే రెండు దారులు చూపించారు. మొదటిది, ఇంటిని కౌన్సిలే మూడేళ్లకు లీజుకు తీసుకుని నెలకు 1,950 పౌండ్లు ఇస్తుంది. మనిషి ఉన్నా లేకున్నా ఆ డబ్బు వస్తుంది, కమిషన్ ఉండదు, గడువు తీరాక ఖాళీ ఇల్లు అప్పగిస్తారు. రెండవది, ఇల్లు లేక కౌన్సిల్‌ను ఆశ్రయించిన ఒక కుటుంబాన్ని వారు చూపిస్తారు, ఒప్పందం మాత్రం మేమే ఆ కుటుంబంతో రాసుకోవాలి. అందుకు ఒకసారి ఇచ్చే ప్రోత్సాహకం, డిపాజిట్‌కు బదులు కౌన్సిల్ పూచీకత్తు ఉంటాయి. ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు అద్దెకిచ్చి చూడమని ఎందుకు అనలేదో నాకు తెలియదు గాని, ఈ రెండింటిలో ఏది మేలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కుంకుడుచెట్టు – జనవరి 11

బాటసారి గారూ, నేను 2017 నుంచి అయిదేళ్లపాటు ఒక కౌన్సిల్‌కు ఇల్లు లీజుకిచ్చాను. ఏ కౌన్సిల్ అన్నది ఇక్కడ అనవసరం. అద్దె విషయంలో ఒక్క నెల కూడా తప్పలేదు. 2020లో నా మిత్రులు ఇద్దరు ముగ్గురు అద్దెలు రాక మార్ట్‌గేజ్ (ఇంటి అప్పు) వాయిదాల కోసం బ్యాంకులకు ఫోన్లు చేస్తూ కూర్చున్న నెలల్లో కూడా నా ఖాతాలో మొదటి తేదీకల్లా డబ్బు పడింది.

చిక్కు చివర్లో వచ్చింది. ఒప్పందంలో ఖాళీ ఇల్లు అప్పగిస్తామని రాసి ఉన్నా, లోపల ఉన్న కుటుంబానికి వేరే ఇల్లు దొరకక, గడువు దాటిన తర్వాత మరో నాలుగు నెలలకు గాని తాళాలు నా చేతికి రాలేదు. ఆ నాలుగు నెలలకూ పాత అద్దే ఇచ్చారు. అప్పటికే ఇల్లు కొనడానికి సిద్ధపడిన వ్యక్తి మాత్రం వేచి ఉండలేక వెళ్లిపోయాడు. కాబట్టి లీజు ముగిసే తేదీని మీ ప్రయాణానికో, అమ్మకానికో ముడిపెట్టుకోకండి.

దస్తావేజు – జనవరి 12

వృత్తిరీత్యా ఆస్తి బదిలీ పత్రాలు చూసేదాన్ని కనుక ఒక మాట చెబుతాను. ఈ రెండు దారులకూ మధ్య తేడా 450 పౌండ్లలో లేదు, కాగితం మీద మీకు అద్దెదారు ఎవరు అన్నదానిలో ఉంది.

1988 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం అష్యూర్డ్ టెనన్సీ (చట్టరక్షణ ఉన్న అద్దె ఒప్పందం) అనేది మనిషికే వర్తిస్తుంది, సంస్థకు వర్తించదు. కౌన్సిల్ లీజు తీసుకుంటే మీ అద్దెదారు కౌన్సిల్. మీ ఇంట్లో ఉండే కుటుంబం కౌన్సిల్‌కు అద్దెదారు అవుతుందే తప్ప మీకు కాదు. వారిని ఖాళీ చేయించడం, అద్దె వసూలు చేసుకోవడం, కోర్టుకు వెళ్లవలసి వస్తే వెళ్లడం అన్నీ కౌన్సిల్ నెత్తిన ఉంటాయి. ఖాళీగా అప్పగించే షరతు మీద ప్రైవేటు యజమాని నుంచి తీసుకున్న ఇంట్లో ఉండేవారికి మామూలు కౌన్సిల్ ఇళ్లలోని శాశ్వత హక్కు ఏర్పడకుండా 1985 నాటి చట్టంలోనే మినహాయింపు ఉంది.

రెండవ దారిలో కౌన్సిల్ పెళ్లిళ్ల పేరయ్య పాత్ర పోషించి తప్పుకుంటుంది. ఆ తర్వాతి కాపురం మీది. పైగా 2025 అక్టోబరు 27న రాజముద్ర పడిన కొత్త అద్దెదారుల హక్కుల చట్టం వల్ల ఈ మే 1 నుంచి కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసు ఉండదు. గడువుతో కూడిన ఒప్పందాలు కూడా ఉండవు. మీరే తిరిగి వచ్చి ఉండాలన్నా, అమ్ముకోవాలన్నా నాలుగు నెలల ముందస్తు నోటీసు ఇవ్వాలి, మొదటి పన్నెండు నెలలు నిండకముందు ఖాళీ చేయించడం కుదరదు. అమ్ముతానని ఖాళీ చేయించి మరో ఏడాదిలోపు వేరొకరికి అద్దెకివ్వడం కుదరదు. ఇది అన్యాయమని నేను అనడం లేదు, లెక్కలో వేసుకోమంటున్నాను.

అన్నిటికన్నా ముందు మీ మార్ట్‌గేజ్ షరతులు తీసి చదవండి. సొంతంగా ఉండడానికి తీసుకున్న అప్పు అయితే అద్దెకివ్వడానికే బ్యాంకు సమ్మతి కావాలి. అద్దె కోసం తీసుకున్నదైనా చాలా బ్యాంకులు స్థానిక సంస్థలకు లీజుకివ్వడాన్ని ప్రత్యేకంగా నిషేధిస్తాయి. ఇంటి బీమా వారికి కూడా లోపల ఎవరు ఉంటారో రాతపూర్వకంగా తెలియజేయాలి, లేకపోతే పైపు పగిలిననాడు ఆ పాలసీ పనికిరాకుండా పోతుంది.

ఈస్ట్‌హామ్ ఈశాన్యం – జనవరి 12

లీజు అన్నంత మాత్రాన అది కౌన్సిల్ లీజు కాదని నేను నష్టపోయాక తెలుసుకున్నాను. "కౌన్సిల్ పథకం, హామీ అద్దె" అంటూ ఒక సంస్థ నా దగ్గరకు వచ్చింది. ఒప్పందం మీద కౌన్సిల్ ముద్ర ఎక్కడా లేదు. మూడేళ్లకు రాసుకున్న ఆ సంస్థ ముందుగదిని కూడా పడకగదిగా మార్చి, ఒకరికొకరు సంబంధం లేని ఆరుగురిని పెట్టింది. అయిదుగురు లేదా అంతకు మించి, ఒకే కుటుంబానికి చెందనివారు వంటగదిని పంచుకుంటే లైసెన్సు తప్పనిసరి. ఆ లైసెన్సు లేదని కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది నా పేరుకు. ఏడాది తిరగకుండానే సంస్థ అద్దె ఆపేసింది.

ఇలా మధ్యవర్తి నడిపే ఇళ్లలో ఉన్నవారికి అద్దె తిరిగి చెల్లించాలన్న ఉత్తర్వు పై యజమాని మీద వేయకూడదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ వెసులుబాటును కూడా కొత్త చట్టం తొలగించింది. కాబట్టి సంతకం పెట్టే ముందు "మీతో ఒప్పందం చేసుకునేది ఎవరు?" అని కౌన్సిల్ కార్యాలయానికే ఫోన్ చేసి అడగండి. నేను అడగలేదు. ఈశాన్యం మూల చూసి ఇల్లు కొన్నవాడిని, అవతలివాడి సంతకం చూడలేదు.

గృహవిభాగం – జనవరి 13

నేను ఒక కౌన్సిల్‌లో ఇళ్లు లేనివారి విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ వ్యక్తిగత హోదాలోనే రాస్తున్నాను.

కౌన్సిల్ ఇచ్చే అద్దె ఎందుకు తక్కువగా ఉంటుందన్నది చాలామంది యజమానులు అడిగే మొదటి ప్రశ్న. తాత్కాలిక వసతిగా మేము లీజుకు తీసుకున్న ఇళ్లకు కేంద్ర ప్రభుత్వం నుంచి తిరిగి వచ్చే సబ్సిడీ, ఇప్పటికీ 2011 జనవరి నాటి స్థానిక గృహభత్యం రేటులో (ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వం నిర్ణయించే అద్దె సాయపు పరిమితి) 90 శాతం దగ్గరే ఆగిపోయి ఉంది. పదిహేనేళ్లలో లండన్ అద్దెలు ఎక్కడికి చేరాయో మీకు తెలుసు. మీకిచ్చే 1,950కీ ఆ సబ్సిడీకీ మధ్య ఉన్న లోటును కౌన్సిల్ తన సొంత నిధుల నుంచి పూడ్చుకుంటుంది. అయినా లీజులు ఎందుకు తీసుకుంటున్నామంటే, ఒక కుటుంబాన్ని రోజువారీ అద్దె గదిలో పెడితే అంతకన్నా ఎక్కువ ఖర్చవుతుంది. 2025 మార్చి చివరికి ఒక్క ఇంగ్లండ్‌లోనే 1,31,000కు పైగా కుటుంబాలు తాత్కాలిక వసతిలో ఉన్నాయి.

రెండవ దారిలో లెక్క వేరు. అక్కడ కుటుంబానికి యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భత్యంలోని గృహ భాగం అందుతుంది. దాని గరిష్ఠ పరిమితి స్థానిక గృహభత్యం రేటు. ఆ ప్రాంతపు అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చితే 30వ శాతం దగ్గర ఏది ఉంటుందో దాన్ని బట్టి 2024 ఏప్రిల్‌లో ఆ రేటు నిర్ణయించారు, ఆ తర్వాత పెంచలేదు. దానికి తోడు ఉద్యోగం లేని కుటుంబాలకు మొత్తం భత్యాల మీద పరిమితి ఉంది, లండన్‌లో అది ఏడాదికి 25,323 పౌండ్లు. కాబట్టి బాటసారి గారు 2,400 ఆశిస్తే ఆ ఇంటికి మేము కుటుంబాన్ని చూపించలేము. చూపించినా ఆరు నెలల్లో బకాయి పడుతుంది.

ఇల్లు తీసుకునే ముందు మేము చూసేవి ఎక్కువేమీ కావు. గ్యాస్ తనిఖీ ధ్రువపత్రం ఏటా, విద్యుత్ తనిఖీ నివేదిక అయిదేళ్లకొకసారి, ఇంధన సామర్థ్యంలో కనీసం 'ఇ' శ్రేణి, ప్రతి అంతస్తులో పొగ అలారం, బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం అడుగుతాము. ఆ తర్వాత మా ఇన్‌స్పెక్టరు వచ్చి చెమ్మ, మెట్ల రెయిలింగు, పై అంతస్తు కిటికీల గొళ్లాలు చూస్తాడు. మన తెలుగువారి ఇళ్లలో తరచుగా పట్టుబడేది ఏమిటో చెప్పనా? చలిగాలి వస్తోందని స్నానాలగదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాను మీద టేపు అంటించి ఉంటుంది. దాని కింద పైకప్పు మూల నల్లబడి ఉంటుంది.

మంచుదేశం మాస్టారు – జనవరి 13

సబ్సిడీల సంగతి బాగానే ఉంది గాని, మొహమాటం లేకుండా అడుగుతున్నాను. కౌన్సిల్ పంపే మనుషులు ఇంటిని ఎలా చూసుకుంటారు? పది మందిలో అయిదుగురు ఇల్లు పాడుచేసి పోతారని మా ఏజెంటు అంటున్నాడు. భత్యాల మీద బతికేవారికి ఇవ్వబోమని మొదటే చెప్పేస్తే ఈ గొడవే ఉండదు కదా.

రెండు సూట్‌కేసులు – జనవరి 14

మాస్టారు గారూ, ఆ "కౌన్సిల్ పంపే మనుషుల్లో" నేనొకదాన్ని.

2022లో ఇద్దరు పిల్లలతో, రెండు సూట్‌కేసులతో మా ఇంటి నుంచి బయటపడ్డాను. కారణం ఇక్కడ వివరించలేను. గృహహింస నుంచి పారిపోయి నిలువ నీడ లేనివారికి కౌన్సిల్ ప్రాధాన్యం ఇవ్వాలని 2021లో చట్టం వచ్చింది కనుక, నాకు అప్పటికే శాశ్వత నివాస అనుమతి ఉంది కనుక, ఆ రాత్రే ఒక హోటలు గది దొరికింది. డిపెండెంట్ వీసా మీద ఉన్న ఇంకొక తెలుగు అమ్మాయికి ప్రభుత్వ సాయం వర్తించదని ఆ వీసా మీదే రాసి ఉండడంతో దారి ఎంత చుట్టుతిరుగుడైందో కళ్లారా చూశాను. ఏడు వారాలు ఆ గదిలోనే ఉన్నాము. వంట లేదు, కెటిల్‌లో నీళ్లు కాచి నూడుల్సు, కిటికీ గట్టు మీద పెరుగు డబ్బా. తర్వాత కౌన్సిల్ లీజుకు తీసుకున్న ఒక ఇంటికి పంపారు. ఆ ఇల్లు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. గ్యాస్ పొయ్యి మీద అన్నం వార్చిన మొదటిరోజు మా చిన్నది గిన్నె దగ్గరే నిలబడి చూసింది.

రెండేళ్లు ఉండి నేను తిరిగి ఇచ్చినప్పుడు గోడకు ఒక్క మేకు కూడా లేదు, ఎందుకంటే కొట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తూనే భత్యం అందుకున్నాను, మాలాంటివారు చాలామంది ఉన్నారు. ఇల్లు పాడుచేసేవారు లేరని నేను అనను, వారు ఏ జీతం తీసుకునేవారిలోనైనా ఉంటారు.

దస్తావేజు – జనవరి 14

సోదరి గారికి నా గౌరవం. మాస్టారు గారి సలహా విషయంలో ఒక హెచ్చరిక: భత్యాలు అందుకునేవారికీ, పిల్లలున్నవారికీ ఇవ్వబోమని ప్రకటించడం, ఆ కారణంగా తలుపు వేయడం మే 1 నుంచి కొత్త చట్టం కింద నేరుగా నిషిద్ధం. అద్దె భరించగలరా లేదా అని చూడవచ్చు, ఆ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందన్నది కారణం కాకూడదు.

మంచుదేశం మాస్టారు – జనవరి 14

తొందరపడి అన్నాను, అమ్మా. ఏజెంటు మాటను నా మాటగా రాయకుండా ఉండవలసింది.

బెజవాడ బాటసారి – జనవరి 17

అందరికీ కృతజ్ఞతలు. బ్యాంకుకు ఫోన్ చేశాను. మాది సొంత నివాసం కోసం తీసుకున్న అప్పు. స్థిర వడ్డీ గడువు వచ్చే ఏప్రిల్‌తో ముగుస్తుంది. అద్దెకివ్వడానికి సమ్మతి ఇస్తామన్నారు గాని, స్థానిక సంస్థకు లీజు అనగానే కుదరదన్నారు. మరొక సందేహం: నేను విజయవాడలో ఉంటూ ఇక్కడి అద్దె తీసుకుంటే పన్ను ఎవరికి కట్టాలి?

లెక్కల లక్ష్మీనివాసం – జనవరి 18

రెండు దేశాల్లోనూ చూపించాలి. ఇక్కడి ఇంటి మీద అద్దెకు మొదటి హక్కు ఈ దేశానిది. ఏడాదిలో ఆరు నెలలకు మించి బయట ఉండే యజమానికి అద్దె పంపేటప్పుడు ఏజెంటు 20 శాతం పన్ను మినహాయించుకోవాలి. ఏజెంటు లేకపోతే, అద్దె వారానికి 100 పౌండ్లు దాటిన పక్షంలో, అద్దెదారే మినహాయించుకోవాలి. ముందుగా పన్నుశాఖకు దరఖాస్తు చేసి అనుమతి తెచ్చుకుంటే మొత్తం అద్దె చేతికి వస్తుంది, ఆపైన ఏటా రిటర్ను వేయాలి. ఆ అనుమతి వచ్చినంత మాత్రాన పన్ను తప్పిపోయినట్టు కాదు, వసూలు పద్ధతి మారినట్టు మాత్రమే. విమానం ఎక్కేలోగా ఆ దరఖాస్తు పెట్టండి.

మార్ట్‌గేజ్ వడ్డీని అద్దెలోంచి తీసివేసే రోజులు 2020 ఏప్రిల్‌తో పూర్తిగా పోయాయి. ఇప్పుడు వడ్డీ మీద 20 శాతం మేరకు పన్నులో తగ్గింపు మాత్రమే ఇస్తారు. మీ అద్దెలో సగం వడ్డీకే పోతున్నా, పన్ను లెక్కకు మాత్రం మొత్తం అద్దె ఆదాయంగానే కనిపిస్తుంది. ఆరు అంకెల జీతంతో ఇక్కడ ఉంటూ అద్దెకిచ్చేవారికి ఇది గట్టి దెబ్బ, మీలాగా ఇక్కడ వేరే ఆదాయం లేకుండా వెళ్లిపోయేవారికి అంత తగలదు.

భారతదేశంలో, ఇన్నేళ్లు బయట ఉండి వచ్చినవారికి మొదటి రెండు మూడేళ్లు సాధారణంగా ఒక మధ్యస్థ హోదా ఉంటుంది, అప్పుడు ఇక్కడి అద్దె అక్కడ పన్నుకు రాదు. పూర్తి నివాసి అయ్యాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి, విదేశీ ఆస్తుల పట్టికలో ఈ ఇల్లు కూడా రాయాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ మినహాయింపు దొరుకుతుంది. పట్టికలో రాయడం మరిచిపోతే పడే జరిమానా మాత్రం భారీగా ఉంటుంది.

న్యూపోర్ట్ నెల్లూరు – జనవరి 19

కౌన్సిల్ లీజుల ప్రస్తావన వచ్చింది కనుక, వేల్స్‌లో ఉన్నవారి కోసం ఒక మాట. ఇక్కడ అద్దె చట్టమే వేరు, 2022 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. వేల్స్ ప్రభుత్వం నిధులిచ్చే లీజు పథకంలో కౌన్సిళ్లు అయిదు నుంచి ఇరవయ్యేళ్ల వరకు ఇల్లు తీసుకుంటాయి, అద్దె స్థానిక గృహభత్యం రేటును బట్టి ఉంటుంది, ఇంటిని ప్రమాణాలకు తేవడానికి గ్రాంటు కూడా ఉంది. నేను మా రెండు గదుల ఇంటిని ఇలాగే ఇచ్చాను. లండన్ అద్దెలతో పోల్చుకోనంతవరకు బాధ లేదు.

కుంకుడుచెట్టు – జనవరి 20

బాటసారి గారు ఏ దారి ఎంచుకున్నా, ఇన్వెంటరీ (ఇల్లు అప్పగించేటప్పుడు దాని స్థితిని రాసుకునే జాబితా) గురించి నా పాఠం వినండి. ఇల్లు అప్పగించేనాడు కౌన్సిల్ తరఫు గుమాస్తా ఇరవై నిమిషాల్లో ఇల్లంతా తిరిగి "బాగుంది, బాగుంది" అని రాసుకుపోయాడు, నేను సంతకం పెట్టాను. అయిదేళ్ల తర్వాత పెద్ద పడకగదిలో బీరువా జరిపి చూస్తే గోడంతా అరచేతి మందాన బూజు. అది ముందునుంచే ఉన్న చెమ్మ అని వారు, కిటికీలు తెరవక వచ్చినదని నేను. నా దగ్గరున్న కాగితంలో ఆ గోడ గురించి ఒక్క మాటే ఉంది: "బాగుంది". సహజమైన అరుగుదలకు కౌన్సిల్ బాధ్యత వహించదని లీజులో స్పష్టంగా ఉంది, బూజు అరుగుదలా నష్టమా అన్నది తేల్చుకునేసరికి మూడు నెలలు పట్టింది, చివరికి పెయింటు ఖర్చులో సగం వచ్చింది.

అందుచేత సొంత ఖర్చుతోనైనా వేరే క్లర్కును పెట్టుకుని, ప్రతి గోడకూ, ప్రతి బీరువా వెనకకూ తేదీతో ఫొటోలు తీయించండి. బాయిలర్ ఎవరిది, నీటి కుళాయి ఎవరిది, కాలువ పూడితే ఎవరిది అన్నది లీజులో పేరుపేరునా రాయించుకోండి. సాధారణంగా కట్టడం, పైకప్పు, బాయిలర్ యజమానికే మిగులుతాయి. విజయవాడలో తెల్లవారుజామున మూడు గంటలకు ఫోన్ మోగకుండా ఉండాలంటే, నిర్ణీత మొత్తం దాకా మరమ్మతు వారే చేయించి అద్దెలో తగ్గించుకునేలా అంగీకారం రాసుకోవడం ఉత్తమం.

బెజవాడ బాటసారి – మార్చి 22

ఆలస్యానికి మన్నించాలి. జరిగినది చెబుతాను.

మా బ్యాంకు లీజుకు ఒప్పుకోలేదు. స్థిర వడ్డీ గడువు ఏప్రిల్‌తో ముగుస్తుంది కనుక బ్రోకరు ద్వారా స్థానిక సంస్థల లీజును అనుమతించే మరొక బ్యాంకుకు, అద్దె ఇళ్ల అప్పుగా మారుస్తున్నాము. వడ్డీ పావు శాతం ఎక్కువ. ఏజెంటు రుసుము, ఖాళీ నెలలు, పన్ను అన్నీ వేసుకుని చూస్తే 2,400కూ 1,950కీ మధ్య తేడా నెలకు 100 పౌండ్ల లోపుకు వచ్చింది. నేను ఇక్కడే ఉండి ఉంటే కుటుంబాన్ని చూసి నేరుగా ఇచ్చేవాడినేమో. అంత దూరం నుంచి కొత్త చట్టం కింద యజమానిగా వ్యవహరించే ఓపిక నాకు లేదు.

లీజు ముసాయిదాలో రెండు మార్పులు అడిగాను. గడువు దాటి ఉంటే పాత అద్దె కాకుండా అప్పటి మార్కెట్ అద్దె ఇవ్వాలన్నది మొదటిది, కౌన్సిల్ న్యాయవిభాగం ఒప్పుకోలేదు. 250 పౌండ్ల దాకా మరమ్మతులు వారే చేయించాలన్నది రెండవది, ఒప్పుకున్నారు. ఇన్‌స్పెక్టరు గత గురువారం వచ్చాడు. గృహవిభాగం గారు చెప్పినట్టే, పై స్నానాలగది ఫ్యాను మీద టేపు ఉంది. మా అమ్మగారు 2019లో వచ్చినప్పుడు అంటించినది.

గృహవిభాగం – మార్చి 22

టేపు తీసేశారా, ఫ్యాను తిరుగుతోందా? తిరగకపోతే ఇప్పుడే మార్చండి, తుది తనిఖీలో అది పని చేయకపోతే లీజు మొదలయ్యే తేదీ వెనక్కి పోతుంది.

బెజవాడ బాటసారి – మార్చి 23

తిరగడం లేదండీ. శనివారం ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు.